రద్దయిన పాట

మా బావ మా దేశపు జాతీయ గీతాన్ని ముప్ఫై ఒక్క ఏళ్ళు వాయించాడు. ఒక్కసారీ పాడలేదు. అందులో దేశద్రోహం ఏమీ లేదు, నోట్లో క్లారినెట్టు పెట్టుకున్నవాడు పాడేదెలా? మా పురపాలక బ్యాండులో ఇరవై ఒక్క మందిమి. ఊదేవాళ్ళకి నోరు ఖాళీ ఉండదు, కొట్టేవాళ్ళకి లెక్క తప్పితే తిట్లు తప్పవు. ఊరంతా లేచి నిలబడి పాడుతుంటే మేం మాత్రం చెమటలు కారుస్తూ పని చేసుకునేవాళ్ళం.

నేను పెద్ద డోలు వాయిస్తాను. ఈ ఉద్యోగం బావ వేయించిందే. మావాళ్ళు అక్కనిచ్చి డోలు తెచ్చుకున్నారని బ్యాండులో ఇప్పటికీ వెక్కిరిస్తారు. నేను పడతాను, ఎందుకంటే అది అక్షరాలా నిజం. మేం కొండవైపు వాళ్ళం. మా వైపు నుంచి సర్కారు ఉద్యోగంలో చేరిన రెండోవాణ్ణి నేను. మొదటివాడు అటవీశాఖలో కాపలా కాసేవాడు.

బావ తండ్రి దర్జీ. బ్యాండువాళ్ళ ఎర్రకోట్లు ఆయనే కుట్టేవాడు. కొలతలు తీసుకోవడానికి వెళ్తూ తొమ్మిదేళ్ళ కొడుకుని వెంట తీసుకెళ్తే, అప్పటి పెద్ద మేస్టారు పిల్లాడి చేతికి క్లారినెట్టు మొన ఇచ్చి ఊదమన్నాడట. శబ్దం రాలేదు, గాలి వచ్చింది. "గాలి ఉంది, చాలు. శబ్దం నేను నేర్పుతా," అన్నాడట ఆయన. బావ ఈ కథ ఇప్పటికి నాకు నాలుగు వందలసార్లు చెప్పాడు. పెద్ద మేస్టారు పోయాక బ్యాండు మేస్టారు అయ్యింది కూడా బావే.

అగ్నిమాపక కార్యాలయం వెనక పొడుగాటి గది మాది. నూనె వాసన, తోలు వాసన, ఇరవై ఒక్క మంది చెమట వాసన. ఓ మూల బావ బల్ల. కొత్త పాట ఏది వాయించాలన్నా ఒక్కో వాయిద్యానికి ఒక్కో కాగితం తన చేత్తోనే రాసిచ్చేవాడు. జిరాక్స్ యంత్రం వచ్చాక కూడా అంతే. రాస్తే తప్ప పాట ఒంటికి పట్టదనేవాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి, కానీ ఆ మూడు కాళ్ళనీ శుభ్రంగా కడిగి, తుడిచి చూపించే మనిషి.

ఆయనకి ఒక్కటే నమ్మకం. రాజులు పోతారు, మంత్రులు పోతారు, పాట ఉంటుంది. ఆ పాట మొదలైందంటే దేశం మొత్తం ఒక్క మనిషై లేచి నిలబడుతుందని అనేవాడు. "లేచేవి కాళ్ళేనండీ," అనేది అక్క, కూర కలుపుతూ. ఆయన వినేవాడు కాదు.

ఆ ఏడు మా ఊరి ఆటల హాల్లో ఆడవాళ్ళ వాలీబాల్ పోటీ పెట్టారు. ఎక్కడో సముద్రాల అవతలి దేశం నుంచి జట్టు వస్తోంది. ముందు వాళ్ళ జాతీయ గీతం, తర్వాత మనది వాయించాలి. క్రీడల అధికారి వాళ్ళ పాటని బావ ఫోన్‌కి పంపాడు. బావ దాన్ని తెరిచి కూడా చూడలేదు. ఆయన దగ్గర పెద్ద మేస్టారు ఇచ్చిపోయిన అట్టపుస్తకం ఉంది. దేశదేశాల గీతాలన్నీ స్వరాలతో సహా అందులో ఉన్నాయి, అంచుల్లో మేస్టారి పెన్సిలు రాతలు. ఫోన్లో పాట ఒకసారి విందాం బావా అన్నాను. ఆ దేశం పేరు మారలేదు, జెండా మారలేదు, పాట మాత్రం ఎందుకు మారుతుందిరా అన్నాడు. పాట మారుతుందని నాకూ తెలియదు. మూడు రోజులు కూర్చుని ఇరవై కాగితాలు రాశాడు, నా డోలు దెబ్బలతో సహా.

పోటీ రోజు హాలు కిక్కిరిసింది. ఎనిమిది వందల మంది ఉంటారు. ఆ దేశపు అమ్మాయిలు పన్నెండు మంది వరసగా నిలబడ్డారు. అందరిలోకీ పెద్దది, అందరికంటే పొడుగైనది ఏడో నంబరు చొక్కా వేసుకుంది. ముప్ఫై దాటి ఉంటాయి. బావ క్లారినెట్టు పెదాల మధ్య పెట్టుకుని తల ఊపాడు. మొదలుపెట్టాం.

రెండు లైన్లు అయ్యేసరికి ఏదో తేడా కొట్టింది. చిన్న అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. వాళ్ళ మేనేజరు, బట్టతల పెద్దమనిషి, కత్తివేటుకి నెత్తురుచుక్క లేనట్టు పాలిపోయి, ఆపమని మావైపు చెయ్యి ఊపుతున్నాడు. బావ కళ్ళు మూసుకుని ఊదుతున్నాడు. బ్యాండువాళ్ళకి ఒక నియమం ఉంది: మొదలుపెట్టిన జాతీయ గీతాన్ని పిడుగు పడినా మధ్యలో ఆపకూడదు. మేస్టారు ఆపితేనే మేం ఆపాలి. నేను డోలు కొడుతూనే ఉన్నాను.

అప్పుడు వినిపించింది గొంతు. ఏడో నంబరావిడ పాడుతోంది. ఒక్కతే. మొదట లోలోపల, తర్వాత గట్టిగా, చివరికి మా ట్రంపెట్లని దాటి. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. పక్కనున్న అమ్మాయిలు మెల్లగా ఆవిడకి దూరం జరిగారు. మంట అంటుకున్న మనిషి దగ్గర్నుంచి జరిగినట్టు జరిగారు.

పాట అయింది. బావ కళ్ళు తెరిచి నవ్వుమొహంతో చూశాడు, చప్పట్ల కోసం. ఒక్కరూ కొట్టలేదు.

తర్వాత పరుగులు, అరుపులు. క్రీడల అధికారి మా బావ కాలరు పట్టుకున్నంత పని చేశాడు. ఆ జట్టుకి దుబాసీగా వచ్చిన కాలేజీ పంతులమ్మ వణుకుతూ వచ్చి విషయం చెప్పింది. ఆ దేశంలో రెండు జాతులవాళ్ళు ఉండేవారట, మైదానం వాళ్ళూ, తీరం వాళ్ళూ. పాత పాటలో ఇద్దరి మాటా ఉండేది. పన్నెండేళ్ళ కిందట యుద్ధం వచ్చింది. తీరం వాళ్ళని చంపినంతమందిని చంపి, తరిమినంతమందిని తరిమారు. మైదానం వాళ్ళ మీద కొత్త పాట కట్టి, పాతదాన్ని రద్దు చేశారు. ఇప్పుడు దాన్ని పాడితే జైలు. పుస్తకాలు కూడా కాల్చేశారట. జట్టులో తీరం మనిషి ఆ పొడుగావిడ ఒక్కతే. ఆట గొప్పగా ఆడుతుంది కాబట్టి ఉంచారు.

ఒక పాటని రద్దు చేస్తారా? ప్రభుత్వాన్ని రద్దు చేయడం విన్నాం, పెళ్ళిని రద్దు చేయడం విన్నాం. పాట పాడితే జైలు, అదీ నిన్నటిదాకా లేచి నిలబడి పాడమన్న పాటకి!

కొత్త పాటని ఫోన్లోంచి మైకులో వినిపించారు. మళ్ళీ అందరూ లేచారు. పదకొండు మంది గొంతెత్తి పాడారు. పొడుగావిడ నోరు మూసుకుని నిలబడింది. పంతులమ్మ చెప్పిందేమిటంటే, ఇన్నేళ్ళూ ఆవిడ అలాగే నిలబడేదట, ఎవరూ పట్టించుకోలేదట. ఆ రోజు మాత్రం హాలు మొత్తం ఆ పెదాల వంకే చూస్తోంది. అలా చూసేలా చేసింది మేమే. ఆవిణ్ణి ఆటలో దించలేదు. ఇద్దరు మనుషులు చెరో పక్కా నడుస్తూ బయటికి తీసుకెళ్ళారు.

ఇంటికొచ్చాక బావ కోటు కూడా విప్పకుండా కూర్చున్నాడు. అక్క మంచినీళ్ళిచ్చి, జరిగింది నా నోట మొత్తం విన్నది. తర్వాత బావ అన్నాడు, "పాట అంటే అందరిదీ కదా. అందులోంచి కొంతమందిని తీసెయ్యడం ఏమిటి? పోనీ, తన దేశం పాట అన్నాక ఆవిడ ఇన్నేళ్ళూ నోరు మూసుకుని ఉండటం ఏమిటి?"

అక్క ఆయన ఎదురుగా కూర్చుంది. "మన పాటలో రెండో చరణం ఒకసారి చెప్పండి," అంది.

బావ రాగం తీశాడు. రాగం కాదు, మాటలు చెప్పమంది. ఆయన నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు. ప్రతి స్వరం, ప్రతి ఊపిరి, ఎవరు ఎక్కడ ఆగాలో ఎవరు ఎక్కడ అందుకోవాలో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషికి మాటలు రావు. ఆయనకే అది అప్పుడు తెలిసింది. నాకూ అప్పుడే తెలిసింది.

అక్క మామూలుగా, కూరగాయల పేర్లు చెప్పినట్టు చెప్పింది. "కొండల్ని వంచి గెలిచిన నేల, మన నేల. అదీ రెండో చరణం. ఆ కొండల్లో అప్పుడున్నది మా తాతలు. రాళ్ళని వంచలేరు కదండీ. వాళ్ళనే వంచారు."

"నువ్వు పాడవా?" అన్నాడు బావ.

"నిలబడతాను. మీరు వాయిస్తుంటారు కాబట్టి నిలబడతాను. ఎప్పుడూ పాడలేదు."

పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. ప్రతి జెండా పండగకీ మొదటి వరసలో ఆయనకి ఎదురుగానే నిలబడేది. మా బావ కళ్ళు మూసుకుని ఊదేవాడు. ఆయన నావైపు తిరిగాడు. నీకూ తెలుసా అని అడిగాడు. తెలుసన్నాను. మరి ఆ చరణం దగ్గర డోలు మీద రెండు పెద్ద దెబ్బలు వేస్తావు కదరా అన్నాడు.

"అక్కడ వెయ్యమని నువ్వే రాసిచ్చావు బావా," అన్నాను.

ఎత్తిపొడుపుగా అన్న మాట కాదు. నిజంగా అదే జరిగింది. పందొమ్మిదేళ్ళుగా మా తాతల్ని వంచినచోట ఠంచనుగా రెండు దెబ్బలు వేసి, నెల తిరగ్గానే జీతం తీసుకుంటున్నాను. ఆ మాట పైకి వచ్చాక నాకే భయం వేసింది. బావ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు, తన ఇంట్లోకి ఎవరో కొత్తవాళ్ళు వచ్చి కూర్చున్నట్టు.

పొద్దున్నే పంతులమ్మ ఫోను. పొడుగావిణ్ణి ఆ రోజే వెనక్కి పంపించేస్తున్నారట. విమానం దిగగానే పట్టుకెళ్ళడానికి అక్కడ మనుషులు కాచుకుని ఉంటారట. ఒక్క దారి ఉందంది. బ్యాండు మేస్టారు తప్పు తనదేనని స్వయంగా రాసిస్తే, ఆ గందరగోళంలో ఎవరైనా తడబడతారని చెప్పి మేనేజరు కేసు లేకుండా సర్దొచ్చు. ఆ మనిషి మరీ దుర్మార్గుడు కాదు, తన మెడ మీదికి రాకుండా ఉంటే చాలనుకునే రకం. బావ వెంటనే కాగితం తీశాడు. తన ముత్యాల్లాంటి రాతతో రాశాడు: నా పొరపాటు వల్ల తప్పు పాట వాయించబడింది, ఆ పాటకి ఆ దేశంతో ఏ సంబంధమూ లేదని తెలుసుకున్నాను, క్షమించండి.

అతిథిగృహానికి ఇద్దరం వెళ్ళాం. గుమ్మం ముందు బస్సు ఇంజను ఆన్ చేసి ఉంది. మేనేజరు వరండాలో సంచులు లెక్కపెట్టుకుంటున్నాడు. బావ చేతులు జోడించి, తప్పంతా నాదేనని పంతులమ్మ చేత చెప్పించాడు. ఆయన ఓపిగ్గా విన్నాడు. తర్వాత నింపాదిగా ఒకే ఒక్క మాట అడిగాడు.

"తప్పు పాట మీరు వాయించారు, సరే. ఆ మాటలు ఆవిడకి ఇంకా ఎందుకు గుర్తున్నాయి?"

పంతులమ్మ ఆ మాటని మన భాషలో చెప్పి తల దించుకుంది. మరిచిపోకపోవడం కూడా నేరమే. మరి మనిషి దేన్ని పట్టుకుని బతకాలి?

అప్పుడే పొడుగావిడ మెట్లు దిగి వచ్చింది. భుజాన సంచి, వెనక ఇద్దరు మనుషులు. బావని గుర్తుపట్టి ఆగింది. చేతిలో ఆ కాగితం ఏమిటని పంతులమ్మని అడిగింది. పంతులమ్మ చదివి చెప్పింది. ఆవిడ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపి గబగబా మాట్లాడింది. వెనకనున్నవాళ్ళు బస్సువైపు నడిపిస్తున్నా వెనక్కి తిరిగి తిరిగి చెబుతూనే ఉంది.

పంతులమ్మ కళ్ళు తుడుచుకుని చెప్పింది. "పాట తప్పని రాయొద్దంటోంది. మీ గురించి ఏమైనా రాసుకోమంటోంది. నిద్రమత్తులో వాయించానని రాయండి, తాగి వాయించానని రాయండి. పాట తప్పని మాత్రం రాయొద్దు, అంతే అడుగుతోంది."

బావ కాగితం వంక చూశాడు. జేబులోంచి పెన్ను తీశాడు. బస్సు వంక చూశాడు. డ్రైవరు అప్పటికే తలుపు వేస్తున్నాడు. ప్రాణం కంటే పాట ఎక్కువా బావా, ఇచ్చెయ్ అన్నాను. అవును, ఆ మాట అన్నది నేనే. ఆయన పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకుని, కాగితాన్ని అలాగే మేనేజరు చేతికిచ్చాడు. ఆయన పంతులమ్మ చేత రెండుసార్లు చదివించుకుని, మొదటిసారి కొంచెం నవ్వి, నాలుగు మడతలు పెట్టి దాచుకున్నాడు. పొడుగావిడ బస్సు కిటికీలోంచి ఇదంతా చూసింది.

నాలుగు రోజులకి పత్రికలో వచ్చింది. బావ చేతిరాత ఫోటోతో సహా. కింద ఆ జట్టు ప్రకటన: స్థానిక బ్యాండు పొరపాటున ఏదో పరాయి పాట వాయించింది, మా క్రీడాకారిణుల్లో ఎవరూ ఆ పాటని గుర్తుపట్టలేదు, ఎవరూ పాడలేదు.

ఎవరూ పాడలేదట! ఎనిమిది వందల మంది విన్నాం. మా ట్రంపెట్ల పైనుంచి విన్నాం. నేను పత్రిక పట్టుకుని హాలు కాపలావాడి దగ్గరికి వెళ్ళాను. అతను తల గోక్కుని, ఏమో బాబూ, ఎవరో ఏడ్చినట్టున్నారు, పాడారని చెప్పలేను అన్నాడు. మా బ్యాండులోనే తాళాలు కొట్టేవాడు, ఎందుకొచ్చిన గొడవ, పేపర్లో వచ్చాక ఇంకేం మాట్లాడతాం అన్నాడు. వారం తిరక్కుండా నా చెవుల మీద నాకే అనుమానం వచ్చేలా చేశారు.

బావకి ఉద్యోగం పోలేదు. పొరపాటు ఎవరికైనా సహజమని క్రీడల అధికారి భుజం తట్టాడు కూడా. ఆయన మాత్రం పెద్ద మేస్టారి పుస్తకం తెరిచి ఆ పేజీ దగ్గర కూర్చుని ఉండేవాడు. ఊదేవాడు కాదు.

ఆ జట్టు తర్వాతి ఆట మరో ఊళ్ళో. ఆదివారం మధ్యాహ్నం టీవీలో చూపించారు. మేం ముగ్గురం చూస్తున్నాం, అసలు ఆవిడ ఉంటుందా ఉండదా అని. అమ్మాయిలు వరసగా వచ్చి నిలబడ్డారు. లెక్కపెట్టాను, పన్నెండు మంది. ఏడో నంబరు ఉంది. అక్క చెయ్యి గుండె మీద పెట్టుకుంది.

వాళ్ళ పాట మొదలైంది, కొత్తది. కెమెరా ఒక్కో మొహం మీదుగా జరుగుతూ వచ్చి ఆవిడ దగ్గర ఆగిపోయింది. పొడుగావిడ పాడుతోంది. పెదాలు కదిలించడం కాదు, మెడ నరాలు ఉబ్బేలా, మాట మాటా విడదీసి, అందరికంటే గట్టిగా పాడుతోంది. కళ్ళు కెమెరా పక్కన ఎవరినో చూస్తున్నాయి. పాట అయిపోయేదాకా కెమెరా అక్కణ్ణుంచి కదల్లేదు.

"బతికింది," అన్నాను నేను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు చూడండి, అలా అయింది.

"పన్నెండేళ్ళు మూసుకున్న నోరు," అంది అక్క. "చివరికి తెరిపించారు."

"వాళ్ళు కాదే, నేను," అన్నాడు బావ. ఆయన టీవీ మీదనుంచి కళ్ళు తిప్పలేదు. "తాగి వాయించానని రాయమంది. నాకు టైము ఉంది, పెన్ను చేతిలోనే ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు వాయించిన మేస్టారు తాగుబోతని ఊరంతా అనుకుంటుందని రాయలేదు. నా పరువు కోసం ఆవిడ పాట తప్పని రాశాను."